గోడ కొట్టకముందే తేల్చుకోవలసిన ఎత్తులు: స్విచ్చులు, ప్లగ్ పాయింట్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గుంటూరులో మాది ముప్పై ఏళ్ల కిందట కట్టిన డాబా ఇల్లు. అన్ని గదుల్లోనూ స్విచ్ బోర్డులు 5 అడుగుల ఎత్తున ఉన్నాయి. ప్లగ్గులు కూడా ఆ బోర్డుల మీదే ఉన్నాయి. ఇప్పుడు వైరింగ్ అంతా మార్పించి, పాత గచ్చు మీద టైల్స్ వేయించాలనుకుంటున్నాము. ఎలక్ట్రీషియన్ ప్లగ్గులన్నీ నేల నుంచి 1 అడుగు ఎత్తులో పెడతానంటున్నారు. మావారు పాత పద్ధతే పిల్లలకు క్షేమమంటున్నారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మనవడికి ఏడాదిన్నర. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: 5 అడుగుల బోర్డు మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో గుర్తు చేసుకుంటే, దాన్ని ఉంచాలో మార్చాలో తేల్చుకోవడం సులువవుతుంది. గోడ బయట చెక్క బద్దెల మీద తీగలు బిగించే కాలంలో, పైకప్పు దగ్గరి నుంచి దిగిన తీగలన్నీ గుమ్మం పక్కనున్న ఒకే చెక్క బోర్డు వద్ద ఆగేవి. దీపం స్విచ్చు, ఫ్యాను రెగ్యులేటరు, రేడియోకో ఇస్త్రీ పెట్టెకో ఒక ప్లగ్గు, అన్నీ దాని మీదే ఇమిడేవి. ఇంటి మొత్తానికి ప్లగ్గు అవసరమయ్యే వస్తువులు రెండు మూడే కనుక, వాటిని పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉంచడమే అప్పటి పెద్దలు ముఖ్యమనుకున్నారు. తీగలు గోడ లోపలికి వెళ్లిన తరువాత కూడా అదే అలవాటు కొనసాగింది. కనుక మీవారి మాటలో అర్థం లేకపోలేదు.

అయితే ఈ రోజు ఒక్క హాలులోనే టీవీ, సెట్‌టాప్ బాక్సు, రౌటరు, రెండు మూడు ఫోన్ చార్జర్లు, దోమల మందు యంత్రం ఉంటున్నాయి. ఇవన్నీ 5 అడుగుల బోర్డుకు తగిలిస్తే గోడ పొడవునా తీగలు వేలాడుతాయి. ఏడాదిన్నర పిల్లవాడికి సాకెట్టు అందకపోయినా, దాని నుంచి వేలాడే తీగ చక్కగా అందుతుంది. తీగ చివర వేడి నీళ్ల కెటిలో, ఇస్త్రీ పెట్టో ఉంటే అది వాడి మీదికే వస్తుంది. నా దృష్టిలో సాకెట్టు కంటే ఈ తీగే ఎక్కువ ప్రమాదకరం. అలాగని అన్నిటినీ 1 అడుగుకు దించడం కూడా సరి కాదు, ఎందుకంటే రోజుకు నాలుగుసార్లు వంగి చార్జరు పెట్టవలసిన మనిషి మీ ఇంట్లో మోకాళ్ల నొప్పులతో ఉన్నారు.

అందువల్ల పాయింట్లను వాడకాన్ని బట్టి విడదీయండి. ఒకసారి పెట్టి ఏళ్ల తరబడి కదపని వస్తువులకు, అంటే టీవీ బల్ల వెనుకా సోఫా వెనుకా ఉండే వాటికి, 1 అడుగు ఎత్తు చాలు. రోజూ ప్లగ్గు పెట్టి తీసే పాయింట్లను ఒకటిన్నర అడుగుకు, అంటే దాదాపు 45 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. అత్తగారి గదిలో రెండున్నర అడుగులైనా తప్పు లేదు. దీపాలు, ఫ్యాన్ల స్విచ్చులను మూడున్నర అడుగులకు దించండి. తలుపు గడియ దాదాపు ఈ ఎత్తులోనే ఉంటుంది గనుక చీకట్లో చేయి దానంతట అదే అక్కడికి వెళుతుంది. రేపు ఎవరైనా చక్రాల కుర్చీలో తిరగవలసి వచ్చినా అందుతుంది. బోర్డు తలుపు రెక్క వెనుకకు పోకుండా గడియ వైపున, చట్రానికి అర అడుగు ఎడంగా ఉండాలి. అన్ని గదుల్లోనూ ఒకే ఎత్తు పాటించాలి.

ఇక పిల్లవాడి విషయం. రంధ్రాలకు లోపల మూత ఉండే సాకెట్లు, అంటే షట్టర్ సాకెట్లు అడిగి తీసుకోండి. పైనున్న ఎర్తు రంధ్రంలోకి పొడవాటి పిన్ను గానీ, కింది రెండు రంధ్రాల్లోకి రెండు పిన్నులూ ఒకేసారి గానీ వెళితే తప్ప వాటి మూతలు తెరుచుకోవు. ప్రతి సాకెట్టుకూ పక్కనే స్విచ్చు ఉండాలి. వీటన్నిటి కంటే ముందు, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించండి. ఎంసీబీ, అంటే తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే ఆగే స్విచ్చు, తీగలను కాపాడుతుంది. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోతున్నప్పుడు వెంటనే సరఫరా ఆపేది ఆర్‌సీసీబీ మాత్రమే. వైరింగ్ మొత్తం మారుస్తూ దీన్ని వదిలేస్తే, ఎత్తుల గురించి మనం పడే ఈ శ్రమకు విలువ ఉండదు.

మీ ప్రశ్నలో మీరు అడగని విషయం ఒకటి ఉంది. పాత గచ్చు మీద టైల్స్ వేస్తే నేల లేస్తుంది. గమ్ముతో అతికిస్తే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం, సిమెంటు మాలు పరచి వేస్తే దాదాపు 2 అంగుళాలు పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్ ముందుగా వచ్చి పాత నేల నుంచి కొలిచి గోడలో స్విచ్చు పెట్టెలు బిగిస్తే, మీరు అడిగిన 12 అంగుళాలు చివరికి 10 అవుతాయి. కొన్ని గదుల్లోనే టైల్స్ వేస్తే గదికో ఎత్తు కనబడుతుంది. పని మొదలుపెట్టే రోజున మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను ఒకేచోట నిలబెట్టి, పూర్తయిన నేల ఎక్కడికి వస్తుందో తేల్చి, దాని నుంచి సరిగ్గా 1 మీటరు ఎత్తున నీటి లెవెల్ గొట్టంతో ఇల్లంతా ఒక గీత కొట్టించండి. ఆ తరువాత ప్రతి పాయింటూ ఆ గీత నుంచి పైకో కిందికో కొలవాలి తప్ప నేల నుంచి కొలవకూడదు. ఎత్తు పెట్టె అడుగు అంచుకా, మధ్యకా అన్నది కూడా ఆ రోజే చెప్పండి. చాలామంది ఎలక్ట్రీషియన్లు అడుగు అంచుకు కొలుస్తారు, ఇంటివారు మధ్యకు అనుకుంటారు.

ప్రశ్న: మా వంటింట్లో గట్టు, అల్మరాలు కొత్తగా చేయిస్తున్నాము. మిక్సీ, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్, నీటి ఫిల్టరు, చిమ్నీ, డిష్‌వాషర్ ఉన్నాయి. ఏది ఎక్కడ? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: వంటింట్లో కొలత నేల నుంచి కాక గట్టు నుంచి మొదలుపెట్టాలి. గట్టు ఎత్తు సాధారణంగా 32 నుంచి 34 అంగుళాలు. రోజూ వంట చేసేవారు పొట్టివారో పొడవువారో బట్టి ముందు దాన్ని ఖాయం చేసుకోండి. గట్టు రాయి పైభాగం నుంచి 10 లేక 12 అంగుళాల ఎత్తున సాకెట్లు ఉంటే, నీళ్లు చిందినా తగలవు, మిక్సీ జాడీ వెనుక దాగిపోవు, పై అల్మరాల అడుగుకూ తగలవు. టైల్స్ సగానికి కోసి పెట్టెలు ఇరికించవలసిన అవస్థ రాకుండా, టైల్ వరస ఎక్కడ ముగుస్తుందో చూసుకుని ఒకటి రెండు అంగుళాలు సర్దుకోవచ్చు.

స్టవ్ వెనుకా, సింకు వెనుకా ఏ ప్లగ్గూ వద్దు. మంట మీదుగా చేయి చాపి స్విచ్చు నొక్కవలసిన ఏర్పాటు ఎంత అందంగా ఉన్నా తప్పే. రెండింటికీ పక్కగా కనీసం 2 అడుగుల దూరం వదలండి. మిక్సీ తీగ పొట్టిది కనుక, అది నిలిచే చోటు ముందే నిర్ణయించి దాని పక్కనే పాయింటు ఇవ్వండి.

సాకెట్టు సామర్థ్యం కూడా ఎత్తంత ముఖ్యం. మన 230 వోల్టుల సరఫరా మీద 6 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగేది 1380 వాట్లు మాత్రమే. మిక్సీకి, గ్రైండరుకు అది సరిపోతుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి, ఓవెన్‌కు, కెటిల్‌కు, నీళ్లు వేడి చేసే డిష్‌వాషర్‌కు 16 ఆంపియర్ల సాకెట్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉండాలి. ఇండక్షన్‌నూ ఓవెన్‌నూ ఒకే తీగ మీద నడిపించవద్దు.

ఫ్రిజ్ పాయింటు సరిగ్గా దాని వీపు వెనుక పెడితే ప్లగ్గు మందం మేరకు ఫ్రిజ్ ముందుకు వస్తుంది, స్విచ్చు ఆపాలంటే దాన్ని జరపాలి. పక్క గోడకో పక్క అల్మరాలోకో మార్చండి. డిష్‌వాషర్‌కూ అంతే, దాని పక్క అరలో ఉండాలి. చిమ్నీ పాయింటు 7 అడుగుల పైన, పొగగొట్టాన్ని కప్పే పెట్టెలోకి పోయేటట్లు పెట్టి, దాని స్విచ్చు మాత్రం గట్టు మీది బోర్డుకు దించండి. నీటి ఫిల్టరు పాయింటు ఫిల్టరు కింద ఉండకూడదు. ఏనాడైనా కారితే నీరు నేరుగా ప్లగ్గు మీద పడుతుంది. పక్కగా, ఐదున్నర లేక ఆరు అడుగుల ఎత్తున ఉండనివ్వండి.

గట్టు కింద గ్యాస్ సిలిండరు ఉండే అరలో ఎట్టి పరిస్థితుల్లోనూ సాకెట్టు గానీ స్విచ్చు గానీ పెట్టనివ్వకండి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కారినప్పుడు నేల దగ్గరే పేరుకుంటుంది. అక్కడ ఒక్క స్విచ్చు నొక్కినప్పుడు పుట్టే నిప్పురవ్వ చాలు. అర లోపల దీపం కోసం అక్కడికి ఒక తీగ లాగమని అల్మరాల పనివారు అడుగుతుంటారు. ఆ ఒక్క అరకు వద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా నేల అంతస్తు మునిగింది. ఇప్పుడు బాగు చేయించుకుంటున్నాము. ప్లగ్గులు ఎంత పైకి పెడితే మంచిది? (ఒక పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: మీ గోడ మీద నీరు నిలిచిన గుర్తు ఇంకా ఉంటే సున్నం వేయకముందే దాని ఎత్తు కొలిచి రాసుకోండి. ఆ గుర్తు 3 అడుగుల లోపు ఉంటే, దానికి 1 అడుగు పైన సాకెట్లన్నీ పెట్టుకోవచ్చు. నేను ఇందాక గుంటూరు పాఠకురాలికి చెప్పిన ఒకటిన్నర అడుగు మీకు వర్తించదు. తీగలు కాస్త వేలాడినా మీ ఇంటికి అదే నయం. ఆనాడు కొన్ని వీధుల్లో జరిగినట్లు నీరు మనిషి ఎత్తుకు చేరి ఉంటే మాత్రం, చేతికి అందే ఏ ఎత్తూ మిమ్మల్ని కాపాడదు. అప్పుడు ఆలోచించవలసింది సాకెట్ల ఎత్తును గురించి కాదు, సరఫరా దారిని గురించి.

నేల అంతస్తుకు వేరే ఎంసీబీ, వేరే ఆర్‌సీసీబీ ఉండాలి, వాటిని పెట్టిన బోర్డు మెట్ల మలుపులోనో పై అంతస్తులోనో ఉండాలి. నీళ్లు వాకిట్లోకి వస్తున్నప్పుడు పై నుంచే కిందిదంతా ఆపి, పై అంతస్తులో దీపం వెలిగించుకోగలగాలి. తీగల గొట్టాలు నేలలోంచి పైకి లేచే పద్ధతి మాన్పించి, పైకప్పు నుంచి కిందికి దిగేటట్లు చేయించండి. నేలలోని గొట్టంలో చేరిన నీరు నెలల తరబడి పోదు.

ఇన్వర్టరును మాత్రం మరచిపోవద్దు. వీధిలో కరెంటు తీసేసినా, మీరు మెయిన్ ఆపినా, ఇన్వర్టరు నడుస్తున్నంతసేపు దాని సర్క్యూట్‌లోని స్విచ్చులు, సాకెట్లలో కరెంటు ఉంటుంది. నీళ్లలో నిలబడి, సరఫరా లేదన్న ధీమాతో వాటిని ముట్టుకోవడం ప్రాణాంతకం. దాన్నీ బ్యాటరీనీ పై అంతస్తులో పెట్టించండి. కుదరకపోతే గోడకు ఇనుప స్టాండు వేయించి ఎత్తున ఉంచి, ఆపే స్విచ్చు మెట్ల దగ్గర ఇవ్వండి. ఒకసారి మునిగిన సాకెట్లను ఆరబెట్టి మళ్లీ వాడకండి. పాత తీగలు ఉంచదలిస్తే, మెగ్గరు అనే పరికరంతో ఇన్సులేషన్ (తీగ మీది రక్షణ పొర) పరీక్ష చేయించిన తరువాతే సరఫరా ఇవ్వాలి.

ప్రశ్న: మా అమ్మాయి బ్రిటన్‌లో ఉంటుంది. అక్కడ స్విచ్చులకు, సాకెట్లకు చట్టప్రకారం ఒక ఎత్తు ఉందట. హైదరాబాదులోని మా అపార్ట్‌మెంటులో కూడా అలాగే చేయించమంటోంది. సాధ్యమేనా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాదు)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఇంగ్లండులో భవన నిబంధనల ‘పార్ట్ ఎం’ మార్గదర్శకాల ప్రకారం, కొత్తగా కట్టే ఇళ్లలో నివాసపు గదుల స్విచ్చులు, సాకెట్లు పూర్తయిన నేల నుంచి 450 మిల్లీమీటర్లకు పైన, 1200 మిల్లీమీటర్లకు కింద ఉండాలి. 1999 నుంచి ఈ భాగాన్ని కొత్త ఇళ్లకు వర్తింపజేశారు. వంగలేనివారికి, చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి కూడా చేయి అందాలన్నది దాని ఉద్దేశం. అమెరికాలో వికలాంగుల చట్టం కింద ప్రజా భవనాలకు పెట్టిన 15 నుంచి 48 అంగుళాల హద్దు కూడా ఇదే ఆలోచనతో వచ్చింది. ఇంగ్లండు హద్దును మన కొలతల్లో చెప్పాలంటే దాదాపు ఒకటిన్నర అడుగు నుంచి 4 అడుగుల దాకా. ఎక్కడిదైనా మనిషి చేయి ఒకటే కనుక హాలుకు, పడకగదులకు ఈ హద్దును నిస్సంకోచంగా తీసుకోండి. బకెట్లతో నీళ్లు పోసి కడిగే వరండా, బట్టలు ఉతికే చోటు, బాల్కనీ మాత్రం వేరు. అక్కడ నాలుగడుగుల దగ్గరే, మూత ఉన్న సాకెట్లు పెట్టించండి.

అయితే మీ అపార్ట్‌మెంటు ఏ రకమో ముందు తెలుసుకోవాలి. ఇటీవలి ఎత్తయిన భవనాలు చాలా వాటిలో గోడలు ఇటుకవి కావు; అల్యూమినియం చట్రాలు బిగించి పోసిన కాంక్రీటువి. మైవాన్ గోడలని పిలిచేవి ఇవే. ఆ గోడలే భవనాన్ని మోస్తాయి. వాటికి గాడి కొట్టడం, లోపలి ఇనుప చువ్వలు కోయడం మీ ఒక్క ఇంటికి సంబంధించిన సంగతి కాదు, పైనా కిందా ఉన్న ఇళ్లన్నిటి భద్రతకు సంబంధించినది. అటువంటి ఇంట్లో పాత పెట్టెలను ఉన్నచోటే ఉంచి, గోడ మీద చెక్క ప్యానెల్ వేయించి దాని వెనుక నుంచి గానీ, గోడకు అంటించే సన్నని ప్లాస్టిక్ కేసింగ్‌లో గానీ తీగ దించి, కావలసిన ఎత్తున కొత్త సాకెట్టు పెట్టుకోవచ్చు. చూడటానికి గోడ లోపలి పనంత నునుపుగా ఉండదు, కానీ అదే సరైన పని. ఇటుక గోడల ఇల్లయినా స్తంభాలు, దూలాల జోలికి పోకూడదు.

ప్రశ్న: ఏసీ, గీజరు, టీవీ, మంచం పక్క పాయింట్ల ఎత్తులు తెలుపగలరు. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఏసీ లోపలి యూనిట్ సాధారణంగా 7 అడుగుల పైన ఉంటుంది కనుక సాకెట్టు దాని వెనుక కాకుండా పక్కన, దాదాపు అదే ఎత్తున ఉండాలి, స్టెబిలైజరు పెట్టేటట్లయితే దానికీ అక్కడే చోటు చూసుకోండి. స్విచ్చు కూడా అక్కడే ఉంచితే ఆపడానికి ప్రతిసారీ స్టూలు ఎక్కాలి. స్విచ్చును మామూలు బోర్డుకు దించమని చెప్పండి. గీజరుకూ అదే సూత్రం: సాకెట్టు స్నానాల గది లోపల ఆరున్నర అడుగుల పైన, షవరుకు వీలైనంత దూరంగా; దాని డబుల్ పోల్ స్విచ్చు (ఫేజు, న్యూట్రల్ తీగలు రెండింటినీ ఒకేసారి తెంచేది), వెలుగుతున్నదని చూపే చిన్న దీపంతో సహా, గది బయట. తడి చేత్తో స్విచ్చు ముట్టుకునే అవసరమే రాకూడదు.

టీవీ విషయంలో మీ ఇంట్లో సోఫాలో కూర్చుంటారా, చాప మీద కూర్చుంటారా అన్నది ముందు చూడండి. సోఫా అయితే తెర మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉంటే మెడ నొప్పి రాదు. 55 అంగుళాల టీవీ ఎత్తు దాదాపు 68 సెంటీమీటర్లు; కాబట్టి మూడుంబావు అడుగుల దగ్గర, గోడకు బిగించే బ్రాకెట్టుకు పక్కగా పెట్టిన సాకెట్టు దాని వెనుక పూర్తిగా దాగుతుంది. సెట్‌టాప్ బాక్సు కోసం కింద 1 అడుగు ఎత్తున మరో రెండు పాయింట్లు ఇచ్చి, పై పెట్టెకూ కింది పెట్టెకూ మధ్య గోడలో 2 అంగుళాల పీవీసీ గొట్టం వేయించండి. కేబుళ్ల కొనలు లావుగా ఉంటాయి కనుక సన్న గొట్టంలోంచి దూరవు.

మంచం దగ్గర పరుపు ఎత్తు, పక్క బల్ల ఎత్తు కొలిచి, బల్లకు 4 నుంచి 6 అంగుళాల పైన, అంటే సుమారు రెండుంబావు నుంచి రెండున్నర అడుగుల వద్ద, రెండు వైపులా పాయింట్లు పెట్టండి. గది దీపానికి, ఫ్యానుకు టూ వే స్విచ్చు (గుమ్మం దగ్గరా మంచం దగ్గరా రెండు చోట్ల నుంచీ పనిచేసేది) ఒకటి పడుకున్నవారి చేతికి అందేలా అక్కడే ఉండాలి. రాత్రిపూట లేచి చీకట్లో గుమ్మం దాకా నడవవలసిన పని పెద్దవారికి పెట్టకూడదు. దోమల మందు సీసా నిటారుగా నిలవాలి, దాని చుట్టూ గాలి ఆడాలి. మంచం తలాపు వెనుక ఇరుకులో కాకుండా, కిటికీ వైపు గోడకు ఒకటిన్నర అడుగు ఎత్తున దానికొక పాయింటు ఇవ్వండి. పూజగదిలో దీపాల దండ కోసం పెట్టే పాయింటు ప్రమిద వెలిగే చోటుకు పైన కాకుండా పక్కగా ఉండాలి.

ప్రశ్న: పాత బోర్డులు కిందికి దించాలంటే ఉన్న తీగలు పొట్టివవుతాయి కదా, గోడలోనే అతుకు వేస్తానంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. అలాగే మా గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది. రెండు వైపులా ఒకేచోట బోర్డులు పెట్టవచ్చా? (ఒక పాఠకుడు, నిజామాబాదు)

జవాబు: గొట్టం లోపల అతుకు వద్దు. అది వదులైన రోజున వేడెక్కేది ఎవరికీ కనిపించదు. తీగ మార్చి డిస్ట్రిబ్యూషన్ బోర్డు (ఎంసీబీలు ఉండే బోర్డు) నుంచి కొత్తది లాగించండి. అది మీ శక్తికి మించితే, పాత పెట్టెను అలాగే ఉంచి, అందులో కనెక్టరుతో కలిపి, పైన ఖాళీ ప్లేటు బిగించండి. ప్లేటు విప్పితే అతుకు కనిపిస్తుంది, పరీక్షించవచ్చు. ఆ ప్లేటు మీద సున్నం పూయనివ్వకండి.

నాలుగున్నర అంగుళాల గోడలో 2 అంగుళాల లోతున్న పెట్టెలు వీపుకు వీపు ఆనించి పెడితే మధ్య మిగిలే ఇటుక దాదాపు శూన్యం. ఒక గదిలో మాట మరో గదిలో వినిపిస్తుంది, పగుళ్లూ వస్తాయి. రెండింటినీ కనీసం 1 అడుగు పక్కకు జరపండి. గాడి నిలువుగా కొట్టేటప్పుడు గోడ మందంలో మూడో వంతు, అడ్డంగా అయితే ఆరో వంతు మించకూడదు, అంటే మీ గోడలో నిలువు గాడి ఒకటిన్నర అంగుళం, అడ్డ గాడి ముప్పావు అంగుళమే. ముప్పావు అంగుళపు గాడిలో గొట్టం పట్టి, దాని మీద ప్లాస్టరు నిలవడం కష్టం కనుక, ఈ గోడలో అడ్డ గాడులు అసలే వద్దు. ప్రతి పాయింటుకూ పై నుంచి నిలువుగానే దించమని చెప్పండి.